గోడ మీద సున్నా

మూడూ పదికి నేను టార్చీల ఫ్యాక్టరీ మూడో అంతస్తు ఎక్కేసరికి కేసు అయిపోయింది. అయిపోయిందని చెప్పింది డిప్యూటీ కెప్టెన్ రువాన్ దెవెయ్. అతను ఏ కేసునైనా భోజనానికీ టీకీ మధ్య ముగించేసి, మిగిలిన పూటంతా దాన్ని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయే రకం.

"నేల కొలతలు తీసుకుని, ఫొటోలు పట్టి, సంతకం పెట్టేసి వెళ్లండి కువాంగ్ అక్కా. ఐదింటికి వ్యాన్ వస్తోంది" అన్నాడు.

నా పేరు కువాంగ్ సుయిన్. నేరం జరిగిన చోట నేలనీ గోడల్నీ చదవడం నా ఉద్యోగం. మనుషుల్ని చదవడం తన ఉద్యోగమని రువాన్ నమ్మకం. ఎనిమిదేళ్లుగా ఇద్దరం ఒకే కారిడార్‌లో పనిచేస్తున్నాం, ఒక్కనాడూ ఒకే టేబుల్ దగ్గర భోంచేయలేదు.

జరిగింది ఇది. మా షెంజెన్‌లో ఫ్యాక్టరీలన్నిట్లోలాగే ఇక్కడా పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా మధ్యాహ్నపు నిద్ర. లైట్లు ఆర్పేసి, కర్టెన్లు లాగేసి, ఎవరి బల్ల పక్కన వాళ్లు మడత మంచం వేసుకుని పడుకుంటారు. ఆ గంటసేపూ గట్టిగా దగ్గినవాడిని నెల్లాళ్లు ఎవరూ క్షమించరు. ఇవాళ ఒకటీ ముప్పై అయిదుకి లైట్లు వేశాక, వెలుగు పరీక్షించే గదిలో షావ్ బోషాన్ తల వెనక పగిలి బోర్లా పడి ఉన్నాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, ఇక్కడ తయారయ్యే ప్రతి మోడల్‌కీ చివరి సంతకం ఆయనది. అందరికీ షావ్ మాస్టారు. ప్రాణం ఉంది, స్పృహ లేదు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన చెయ్యి దగ్గర ఒక టార్చి దొరికింది. దాని మీద తెల్ల రంగుతో 17 అని అంకె ఉంది. అది లువో గ్వీజెన్ అనే కార్మికురాలి టార్చి. ఐదింటి వ్యాన్ ఆవిడ కోసమే.

రువాన్ నా మొహం ముందు మూడు వేళ్లు పెట్టి ఒక్కొక్కటీ మడిచాడు. టార్చి ఆమెది. పదకొండింటికి షావ్‌తో గొంతులు లేచేలా పోట్లాడింది, అంతస్తంతా విన్నారు. పన్నెండూ నలభై అయిదు నుంచి ఒకటిదాకా ఆమె మంచం ఖాళీగా ఉందని పక్క మంచం మనిషి చెప్పింది. మూడు వేళ్లూ మడిస్తే మిగిలింది గుప్పిటే గదా అన్నట్టు దాన్ని నాకు చూపించాడు.

గ్వీజెన్‌ని ప్యాకింగ్ గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టారు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. గ్వాంగ్‌షీ నుంచి వచ్చి పదమూడేళ్లుగా టార్చిలో వెలిగే ఎల్ఈడీ పూసల్ని ఛాయల వారీగా ఏరే పని చేస్తోంది. నేను మొదట చేతులు చూశాను. గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి, వేళ్లు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. పూసల బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ల వేళ్లు అలాగే ఉండాలి, కాస్త నూనె మరక అంటినా పూస పాడైపోతుంది. పోలీసు పరీక్ష రాయకముందు నేనూ అలాంటి బల్ల దగ్గర ఆరేళ్లు కూర్చున్నాను. పసుపు, నీలం, గులాబీ, ఆకుపచ్చ అని నాలుగు గిన్నెలు ఉండేవి, రోజుకి వేల పూసలు ఏరేదాన్ని. ఉత్త తెలుపు అనేది ఎక్కడా లేదని అక్కడే తెలుసుకున్నాను.

పోట్లాట గురించి అడిగితే దాచలేదు. షావ్ మాస్టారు తొమ్మిదో నంబరు మోడల్ టార్చి ఒకటి పట్టుకొచ్చి గోడ మీద వేసి, వెలుగు ఆకుపచ్చ కొడుతోందని, ఇలాంటి పూసల్ని ఎలా పాస్ చేశావని అందరి ముందూ అరిచాడట.

"నా కన్ను పోలేదు మేడమ్" అంది. "నేను పాస్ చేసినవి గులాబీ ఛాయవి. ఆ టార్చిలో ఉన్నవి అవి కావు, తర్వాత ఎవరో మార్చారు. అదే మాట ఆయన మొహాన అన్నాను. మాస్టారు అవే గులాబీ పూసలున్న నా పదిహేడో నంబరు టార్చి తీసుకుని, రెండు వెలుగులూ పక్కపక్కన వేసి చూశాడు. ఇక అరవలేదు. పన్నెండున్నరకి నేనే అడుగుతాలే అని వెళ్లిపోయాడు."

ఎవర్ని అడుగుతానన్నాడో చెప్పలేదట. ఆ పదిహేడో నంబరు టార్చి తర్వాత ఏమైందని అడిగితే, తిరిగి తన బల్ల మీది స్టాండులోనే పెట్టి వెళ్లాడంది. నిద్ర గంటలో ఆ స్టాండు ముందునుంచి ఎవరు నడిచినా ఎవరికీ తెలియదు.

పన్నెండూ నలభై అయిదుకి ఎక్కడున్నావని అడిగాను. గాలికి టెర్రస్ మీదికి వెళ్లానంది. టెర్రస్ తలుపు గొళ్లెం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది, వచ్చేటప్పుడే లాగి చూశాను. ఆ సంగతి చెప్పేసరికి ఆవిడ చేతులు ఒళ్లో ముడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

ఆమెకి ఒక్కతే కూతురు, సొంతూళ్లో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఎల్లుండి, జూన్ ఏడున, యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. కార్మికుల ఫోన్లు సాయంత్రం దాకా లాకర్లలో ఉంటాయి గనక, క్యాంటీన్ వంటావిడ దొంగచాటుగా తన ఫోన్ ఇచ్చింది. దాంతో హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసి, కూతురితో పావుగంట మాట్లాడింది. ఫోన్ ఇచ్చినట్టు తెలిస్తే వంటావిడ ఉద్యోగం పోతుంది. అది చిన్న భయం, పెద్ద భయం వేరే ఉంది.

"మీరు వార్డెన్‌ని అడిగితే పిల్లకి తెలిసిపోతుంది అక్కా" అంది. మేడమ్ పోయి అక్క వచ్చిందని ఆమె గమనించలేదు. "పోలీసులు అమ్మ గురించి అడిగారని తెలిశాక అది పెన్ను పట్టుకుంటుందా? పన్నెండేళ్లు చదివింది. ఆ పరీక్ష అయిపోనివ్వండి. తర్వాత నన్ను ఏ వ్యాన్ ఎక్కించినా మాట్లాడను."

పాపం, ఆమెకి రూలు తెలియదు. లాకప్‌లో పెట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు ఇంటివాళ్లకి కాగితం పంపాలి. ఆమెకి ఇంటివాళ్లంటే ఆ పిల్ల ఒక్కతే. ఐదింటికి వ్యాన్ కదిలితే, రేపు సాయంత్రానికి ఆ కాగితం హాస్టల్ గేటు దగ్గరుంటుంది. ఇటు చూస్తే, వార్డెన్‌కి నేను ఒక్క ఫోన్ చేస్తే ఆమె బయటపడుతుంది, కానీ కాగితం చేసే పనే నా ఫోనూ చేస్తుంది. ఫోన్ బయటికి తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. హాస్టల్‌కి ఫోన్ చేయనని మాటిచ్చాను. ఇచ్చాక మెట్ల దగ్గర నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పటికి మూడూ ముప్పై అయిదు.

తొమ్మిదో నంబరు సంగతి కనుక్కుందామని, నమూనాలూ అమ్మకాలూ చూసే యెన్ లిబిన్ గదికి వెళ్తుంటే రువాన్ కూడా నాతో వచ్చాడు. నేను ఏం పాడుచేస్తానోనని వచ్చాడు, సాయం చేద్దామని కాదు. యెన్ నెలలో సగం రోజులు నమూనా టార్చీలు పట్టుకుని విమానాల్లో తిరిగే మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. అడగకముందే టీ పోశాడు. నిద్ర గంటలో తన గదిలోనే సోఫా మీద పడుకున్నాడట. చూసినవాళ్లు లేరు, ఆ గంటలో ఎవరు ఎవర్ని చూస్తారని నవ్వాడు. షావ్ మాస్టారి మాట వస్తే మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకునే ఈ పని నేర్చుకున్నానన్నాడు.

బల్ల కింద తొమ్మిదో నంబరు మోడల్ పెట్టె ఒకటి కనిపించింది. దాని మీది చీటీ చదువుదామని వంగాను, చీకటిగా ఉంది. యెన్ వెంటనే చొక్కా జేబులోంచి టార్చి తీసి, వెనక మూత అర తిప్పు తిప్పి, బటన్ నొక్కి నాకు అందించాడు. చీటీ మీద సిచువాన్ కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికే గాలింపు దళాల చిరునామా ఉంది, ఆ సాయంత్రం ఆరింటికి సరుకు బయలుదేరాలి. కాగితం మీద వెలుగు కాస్త తేడాగా అనిపించింది గానీ, ఒంటరి వెలుగును చూసి ఛాయ చెప్పకూడదు. నిమిషంలో కన్ను దానికి అలవాటుపడి అదే తెలుపని నమ్మేస్తుంది, పక్కన ఇంకో వెలుగు పెడితేనే అసలు రంగు తెలుస్తుంది. టార్చి తిరిగి ఇచ్చేశాను. అతను ఆర్పి, మూత మళ్లీ అర తిప్పు వెనక్కి తిప్పి, జేబులో వేసుకున్నాడు. అంతసేపూ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్కసారీ చేతుల వైపు చూడలేదు.

అప్పుడే రువాన్‌కి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. విని, ఆ వార్తని గదంతటికీ పంచిపెట్టాడు. సాయంత్రానికల్లా షావ్‌కి తెలివి రావచ్చని డాక్టర్ అన్నాడట. అంతటితో ఆగలేదు. ఆసుపత్రిలో కాపలా ఉన్న కానిస్టేబుల్ హోంగ్‌తో, కొట్టినావిడ ఇక్కడ మన దగ్గరే ఉంటే అక్కడ తలుపు కాయడం దేనికి, వెళ్లి భోజనం చేయమని చెప్పేశాడు. పరాయి మనిషి ముందు ఇవన్నీ మాట్లాడొద్దని నేను కళ్లతో సైగ చేసేలోపే అయిపోయింది.

షావ్ భార్య జియాంగ్‌షీ నుంచి రైల్లో వస్తోందని, అందాకా తాను వెళ్లి మాస్టారి పక్కన కూర్చుంటానని యెన్ అన్నాడు. రువాన్ అతని భుజం తట్టాడు. మూడూ యాభైకి యెన్ కారు గేటు దాటడం కిటికీలోంచి చూశాను. మంచివాడే అనుకున్నాను. ఆ అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వెలుగు పరీక్షించే గదిని గది అనకూడదు, అదొక సొరంగం. పొడవు నూరు మీటర్లు, కిటికీలు లేవు, పక్క గోడలు నలుపు, చివరి గోడ ఒక్కటే తెలుపు. ఈ చివర బల్ల దగ్గర టార్చి పట్టుకుని ఆ గోడ మీద వెలుగు ఎలా పడుతుందో చూస్తారు. తలుపుల చప్పుడూ మనుషుల రాకపోకలూ ఉండవని షావ్ మాస్టారు నిద్ర గంటలోనే ఇక్కడ పనిచేసేవాడు. ఆ సంగతి అంతస్తులో అందరికీ తెలుసు. నెత్తురు మరక బల్లకి రెండడుగుల దూరంలో ఉంది. బల్ల మీద ఉండాల్సిన ఇనప స్టాండు కింద ఉంది, తుడిచి ఉంది, కొట్టింది దాంతోనే. ఆయనకి తెలిసిన మనిషే దగ్గర నిలబడి, ఆయన గోడ వైపు చూస్తున్నప్పుడు వెనకనుంచి కొట్టాడు. ఇంతవరకు రువాన్‌కీ నాకూ తగువు లేదు.

ప్లాస్టిక్ సంచిలోంచి పదిహేడో నంబరు టార్చి తీశాను. బటన్ నొక్కితే వెలగలేదు.

"కింద పడి చెడిపోయింది, రాసుకున్నాను" అన్నాడు రువాన్.

చేతొడుగులతో అటూ ఇటూ తిప్పి చూశాను. సిమెంటు మీద పడ్డ టార్చికి అంచున ఎక్కడో ఒక నొక్కు ఉండాలి, దీనికి ఒక్క గీతా లేదు. దీన్ని ఎవరో వంగి మెల్లగా పెట్టారు. వెనక మూత పట్టుకుని అర తిప్పు బిగించి, మళ్లీ బటన్ నొక్కాను. సొరంగమంతా మెత్తటి వెచ్చటి వెలుగు పరుచుకుంది.

రువాన్ రెప్ప వాల్చకుండా చూశాడు. విమానాల్లో తిరిగేవాళ్లు జేబులోనో సంచిలోనో టార్చి దానంతటది వెలగకుండా మూత అర తిప్పు వదులు చేస్తారని, దాన్ని తాళం వేయడం అంటారని చెప్పాను. కొన్నేళ్లు చేస్తే చెయ్యి అడగకుండానే ఆ పని చేసేస్తుంది. ఎవరో ఈ టార్చిని స్టాండులోంచి తీసి, జేబులో వేసుకునే ముందు అలవాటుగా తాళం వేసి, ఇక్కడికి తెచ్చి పెట్టారు. ఆ అలవాటున్నవాళ్లు ఈ భవనంలో పదిమందైనా ఉంటారు.

"ఆమే వేసి ఉండొచ్చుగా."

"పూసలు ఏరేవాళ్లు ఆ మూత ముట్టుకోరు. మరల్లో గ్రీజు ఉంటుంది. వేలికి అంటితే ఆ పూట పూసలన్నీ చెత్తబుట్టలోకే. ఆమె చేతులు చూశావా?"

"మొహం చూశాను, చాలు."

"పోనీ వేలిముద్రలు?"

"లేవు. తుడిచేసింది."

"రోజూ తను వాడే టార్చి మీద తన ముద్రలు తుడిచి, తన అంకె మాత్రం మనకోసం వదిలేసిందన్నమాట."

రువాన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అన్న మాట సబబైనదే. వేళ్ల అలవాటు పట్టుకుని జడ్జి దగ్గరికి వెళ్తే నవ్వి పంపిస్తాడు, ఐదింటి వ్యాన్‌ని ఆపడానికి ఇది చాలదు, ఇంకేమైనా ఉంటే చూపించమన్నాడు. వాచీ వైపు వేలితో కొట్టి మరీ చూపించాడు. నాలుగూ ఎనిమిది.

ఇంకొకటి ఉంది, అది రువాన్ తన నోట్‌బుక్‌లోనే రాసుకుని మర్చిపోయాడు. గార్డు డింగ్ బాబాయ్ పన్నెండూ యాభై రెండుకి ఈ తలుపు దగ్గరి గాలి కంతలోంచి లోపల టార్చి వెలుగు చూశాడు. రువాన్ రాసుకున్నది అంతే, టార్చి వెలుగు అని. సముద్రంలో నీళ్లు చూశాడని రాసుకున్నట్టుంది.

డింగ్‌ని పిలిపించాను. అరవై దాటిన హెనాన్ మనిషి, మమ్మల్ని చూడగానే బూట్ల వైపు చూసుకున్నాడు. నిద్ర గంటలో జనం లేస్తారని ఆ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో గస్తీ తిరుగుతాడట. యూనిఫాం నియమం తప్పానని తిడతామేమోనని భయపడ్డాడు. అందుకే లోపలున్నవాళ్లకి ఇతని అడుగు వినపడలేదు. ఆ నియమం తప్పడం వల్లే సాక్షి దొరికాడు, నేనెందుకు తిడతాను.

వెలుగు ఎలా ఉందని అడిగితే, వెలుగు వెలుగులాగే ఉంది తల్లీ అన్నాడు. ఎవరైనా అంతే అంటారు, మాటల్లో అది పట్టుబడదు. అందుకని మనుషుల్ని వరసగా నిలబెట్టి సాక్షికి చూపించినట్టే టార్చీలని చూపిద్దామన్నాను. రువాన్ నవ్వాడు.

"టార్చీలకి మొహాలుంటాయా అక్కా?"

"మొహమే ఉంటుంది. ఒళ్లు చీకట్లో ఉంటుంది గదా."

పదిహేడో నంబరూ, బల్ల మీదున్న వేరువేరు మోడళ్లూ కలిపి ఆరు టార్చీలు నవ్వుతున్నవాడి చేతికే ఇచ్చాను. లోపల బల్ల దగ్గర నిలబడి, తనకి తోచిన వరసలో ఒక్కొక్కటీ గోడ మీద వేసి ఆర్పమన్నాను. వరస నాకు చెప్పొద్దన్నాను, నేను గార్డు చెవిలో ఏదో ఊదానని రేపు తనే అనకుండా. నేనూ డింగూ బయట తలుపు దగ్గర నిలబడ్డాం. బూట్లు విప్పమన్నాను, ఏ ఎత్తులో నిలబడి చూశాడో ఆ ఎత్తులోనే నిలబడాలి గనక. కంత మూడు వేళ్ల వెడల్పుంది. లోపల మనిషి కనిపించడు, చివరి గోడ మాత్రం కనిపిస్తుంది.

మొదటి వెలుగు పడింది. అంచుల్లేకుండా గోడంతా సమంగా పరుచుకుంది, పొద్దుటి ఎండ రంగు. అది పదిహేడో నంబరని నాకు తెలుసు. డింగ్ తల అడ్డంగా ఊపి, ఇది కాదు తల్లీ, ఇది కంటికి హాయిగా ఉంది అన్నాడు. రెండోది నలుచదరంగా, కోసినట్టు పడింది. కాదన్నాడు. మూడోది నీలం కొట్టే సన్నటి చుక్క, ఆసుపత్రి గుర్తొస్తోందన్నాడు, కాదు. నాలుగోది మళ్లీ పదిహేడే. రువాన్ గడుసువాడు, గార్డు మాట మీద నిలబడతాడో లేదో పరీక్షిస్తున్నాడు. ఇందాక చూపించిందే మళ్లీ చూపిస్తున్నారే అని డింగ్ విసుక్కున్నాడు.

ఐదోది పడేసరికి అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

గోడ మీద ఒక సున్నా ఉంది. చుట్టూ గుండ్రటి వెలుగు కట్టు, పాచి పట్టిన నీళ్ల రంగు. నడుమ మనిషి పట్టేంత మేర చీకటి.

"ఇదే" అన్నాడు డింగ్. "సున్నా చుట్టినట్టు ఉండింది. నడుమ చిల్లు. కళ్లు మసకేశాయేమో అనుకున్నా."

లోపలనుంచి రువాన్ ఆ టార్చి ఆర్పలేదు. ఆర్పమని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. బయటికి వచ్చినప్పుడు అతని మొహంలో నవ్వు లేదు. వరస మార్చి ఇంకో రెండుసార్లు చేశాడు, నేనడగకుండానే. మూడుసార్లూ డింగ్ అదే టార్చిని పట్టాడు, పదిహేడుని మూడుసార్లూ కాదన్నాడు. ఇప్పుడు చెప్పు, మొహం ఉందా లేదా అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. టైము నాలుగూ ముప్పై ఒకటి అయింది గనక మింగేశాను.

ఆ సున్నా టార్చి బల్ల మీద దొరికిన తొమ్మిదో నంబరు నమూనా. అంటే పన్నెండూ యాభై రెండుకి ఈ గోడ మీద పడింది గ్వీజెన్ టార్చి వెలుగు కాదు, తొమ్మిదో నంబరుది. పూస కింద పెట్టే ప్లాస్టిక్ రింగు అర మిల్లీమీటరు మందం ఎక్కువైతే, పూస రిఫ్లెక్టర్ అనే మెరుపు గిన్నె నడుమ ఉండాల్సిన చోట ఉండదు, వెలుగు మధ్యలో బోలు పడుతుంది. బాగా దగ్గరి నుంచి చూస్తే ఏ టార్చికైనా కాస్త నలుపు ఉంటుంది, నాలుగడుగులు వెనక్కి జరిగాక కూడా అది పోకపోతేనే తప్పు ఉన్నట్టు. యెన్ గదిలో చీటీ మీద నాకు తెలియనిది అందుకే.

షావ్ మాస్టారి రిజిస్టర్ బల్ల సొరుగులో ఉంది. ఇవాళ్టి తేదీతో, వంకర లేని అక్షరాలతో రాశాడు: "తొమ్మిదో నంబరు. నమూనాలు మూడు. మూడింటికీ నడుమ బోలు, ఛాయ ఆకుపచ్చ. మంచి పూసలు తీసి చవకవి పెట్టారు, రింగులూ మార్చారు. కొండల్లో గాలించేవాళ్లకి ఇది ఇవ్వలేను. పడిపోయిన మనిషి సరిగ్గా ఆ చీకట్లో ఉంటే, వెలుగు వేసి కూడా చూడకుండా వెళ్లిపోతారు. సంతకం చేయను."

రువాన్ ఆ వాక్యాలన్నీ రెండుసార్లు చదివాడు. తర్వాత బల్ల మీది తొమ్మిదో నంబరు నమూనాలు లెక్కపెట్టాడు. రెండే ఉన్నాయి. రిజిస్టర్‌లో మూడోదాని పక్కన, అది ఎవరి దగ్గరుందో కూడా షావ్ రాసే పెట్టాడు, ఆయన అలాంటి మనిషి. యెన్ లిబిన్.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఇద్దరం ఒకే విషయం ఆలోచిస్తున్నాం, అదీ నాకు సంతోషంగా లేదు. ఆ వెనక మూత తిప్పిన వేళ్లు నా కళ్లముందు తిరిగాయి. సాయంత్రానికి షావ్‌కి తెలివి వస్తుందని ఎవరి ముందు చెప్పాడో రువాన్‌కీ గుర్తొచ్చింది. షావ్ నోరు విప్పితే గ్వీజెన్ ఇంటికి వెళ్తుంది. షావ్ పోతే, మా చేతిలో మిగిలేవి ఒక గార్డు కళ్లూ ఒక అర తిప్పూ.

"నేనే పంపాను" అన్నాడు రువాన్. "భుజం తట్టి మరీ పంపాను."

హోంగ్‌కి ఫోన్ చేయమన్నాను. ఆవిడ ఆసుపత్రి కింది అంతస్తులో నూడుల్స్ గిన్నె ముందు కూర్చుని ఉంది. రువాన్ గొంతు విని గిన్నె వదిలేసి పరుగెత్తింది. యెన్‌కి వినపడకుండా వెళ్లమని, తలుపు అద్దంలోంచి లోపల ఏముందో వీడియోలో చూపించమని చెప్పాను. ఆరు అంతస్తులు. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్ల మీద ఆవిడ రొప్పు మాకు వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఎవరో నర్సుని ఏదో అడిగింది. రోగి కళ్లకి వెలుతురు తగలకూడదని ఆయన తాలూకు మనిషి లైట్లు ఆర్పించి, కర్టెన్లు వేయించాడని నర్సు చెప్పడం మాకు స్పష్టంగా వినపడింది. అలా అని డాక్టర్ చెప్పలేదట, ఆయనే చెప్పాడట.

రువాన్ ఫోన్‌ని ఇద్దరికీ కనిపించేలా బల్ల మీద పెట్టాడు. గేటు దగ్గర వ్యాన్ హారన్ మోగింది, ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది. ప్యాకింగ్ గదిలో ఆ హారన్ గ్వీజెన్‌కి కూడా వినపడే ఉంటుంది.

"తలుపు దగ్గరున్నాను" అంది హోంగ్, గుసగుసగా. "లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. అంతా చీకటి సార్."

తెర మీద మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత ఏదో సన్నటి చప్పుడు, బటన్ నొక్కినట్టు. సెలైన్ గొట్టం వెతికి లాగేయడానికి చీకట్లో అతనికి వెలుగు కావలసి వచ్చింది, జేబులో ఉన్నది అదొక్కటే. మంచం తలాపున తెల్ల గోడ మీద, దిండు మీద, దుప్పటి అంచుల మీద గుండ్రంగా వెలుగు పడింది, పాచి పట్టిన నీళ్ల రంగు. ఆ కట్టులో స్టాండుకి వేలాడే సీసా కనిపిస్తోంది, గొట్టం కనిపిస్తోంది, గొట్టాన్ని పట్టుకున్న రెండు వేళ్లు కనిపిస్తున్నాయి.

"పగలగొట్టు హోంగ్" అన్నాడు రువాన్. "తలుపు పగలగొట్టు."

ఆవిడ భుజం తలుపుకి తగిలిన శబ్దం వినపడింది, ఫోన్ కుదుపుకి బొమ్మ ఊగింది. నేను మాత్రం ఆ వెలుగునే చూస్తున్నాను. షావ్ మాస్టారి మొహం ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు. అది సరిగ్గా సున్నా నడుమ చీకట్లో ఉంది.